గర్భిణి కడుపునొప్పి: ఓర్వదగినది, ఓర్వరానిది

ద్రాక్షారామమున భీమేశ్వరుని లింగము మిక్కిలి పొడవగుటచే ఆలయము రెండంతస్తులుగా నిర్మింపబడినది. భక్తులు క్రింది అంతస్తున పాదభాగమును సేవించి, పిదప మెట్లెక్కి పై అంతస్తునుండి శిరోభాగమును దర్శింతురు. పురుడు సుఖముగా జరుగవలెనని అచటి అమ్మవారైన మాణిక్యాంబకు మ్రొక్కుకొన వచ్చు గర్భిణులును ఆ మెట్లెక్కుచునే యుందురు. ఐదవ నెలయో ఆరవ నెలయో నడచుచున్న ఒక పడుచు పైమెట్టున నిలిచి, వెనుకనుండి ఎవరో పిలిచిరని చటుక్కున తిరిగినదనుకొందము. కుడిగజ్జలో చురుక్కుమని ఒక పోటు వచ్చును. ఆమె గోడను పట్టుకొని, పెదవి బిగించి, మోము ముడుచుకొని నిలిచిపోవును. "గ్యాసేనమ్మా, పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరావు కదా" అని తల్లి అనును. "దొంగనొప్పులే అమ్మాయ్, కాసేపు కూర్చో" అని అత్తగారు అందురు. "దిష్టి కొట్టిందే, ఇంటికెళ్ళగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పెయ్యాలి" అని పిన్నత్త అనును. ఇంతలో పోటు తనంత తానే తగ్గిపోవును; ముగ్గురి మాటయు నిజమైనట్లే తోచును.

ఆ దినమున ఆ మాటలవలన హాని ఏమియు లేదు. కాని అవే మాటలు వేరొకనాడు, వేరొక నొప్పికి చెప్పబడినచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భవతియైన స్త్రీకి తొమ్మిది నెలలలో ఎన్నడో ఒకనాడు కడుపులో నొప్పియో, బిగువో, బరువో తోపకుండుట అరుదు. అందులో అధికభాగము దేహము బిడ్డకు చోటు చేయుచు పడు శ్రమయే తప్ప రోగము కాదు. అల్పభాగము మాత్రము అట్టిది కాదు. ఆ రెంటిని వేరుచేసి చూచుకొను తెలివి వైద్యులకు మాత్రమే చెందిన రహస్యవిద్య కాదు. ఇంటిలోని ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును నేర్వదగినది, నేర్వవలసినది.

మొదట దేహములో జరుగు మార్పును గ్రహింతము. గర్భము ధరింపని స్త్రీ గర్భాశయము ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, 60 లేక 70 గ్రాముల బరువు గల చిన్న అవయవము. నెలలు నిండునప్పటికి అది ఒక్కటియే, బిడ్డను, మాయను, ఉమ్మనీటిని విడిచి లెక్కించినను, ఇంచుమించు ఒక కిలోగ్రాము తూగును. పండ్రెండవ వారమునకు అది కటిభాగమును దాటి పైకి వచ్చును. ఇరువదవ వారమునకు బొడ్డును చేరును. ముప్పదియారవ వారమునకు రొమ్ముటెముక దాపునకు పోవును. ఇంతగా పెరుగు గర్భాశయమును ఇరువైపుల గజ్జలకు కట్టియుంచు స్నాయువులు, వరద పెరిగినకొలది రేవులోని పడవ లేచుచుండగా బిగిసిపోవు మోకులవలె, దినదినము సాగుచుండును. అట్లు సాగియున్నవి హఠాత్తుగా కదలినప్పుడు పుట్టునదే ఆలయపు మెట్లమీద ఆ పడుచునకు వచ్చిన పోటు. ఇది తరచుగా నాలుగవ నెల మొదలు ఆరేడు నెలలవరకు, కుడివైపున హెచ్చుగా, లేచునప్పుడు, ప్రక్క మారునప్పుడు, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కలిగి, కొన్ని క్షణములలోనే శాంతించును. ప్రక్కకు ఒత్తిగిలి చేయూతతో మెల్లగా లేచుటయు, దగ్గు వచ్చినప్పుడు మోకాళ్ళు కొంచెము వంచి పొత్తికడుపును చేతితో ఆనించుటయు దీనికి చాలును.

ఇక రెండవ కారణము జీర్ణకోశమునకు సంబంధించినది. గర్భమును నిలుపుటకై దేహములో హెచ్చుగా ఊరు ప్రొజెస్టెరాన్ అను హార్మోను గర్భాశయపు కండరములను సడలించి శాంతముగా ఉంచును. కాని ఆ సడలింపు గర్భాశయముతో ఆగక, అన్నవాహికకును జీర్ణాశయమునకును నడుమనున్న కవాటమునకును, ప్రేవులకును వ్యాపించును. కవాటము వదులగుటచే ఆమ్లము పైకెగదన్ని రొమ్ములో మంట, పుల్లని త్రేనుపులు కలుగును. ప్రేవులు మందగించుటచే ఉబ్బరము, వాయువు, మలబద్ధకము ఏర్పడును. పై నెలలలో ఎదిగిన గర్భాశయము జీర్ణాశయమును క్రిందినుండి నొక్కుటచే ఈ బాధ ఇనుమడించును. అన్నములో ఆవకాయ కలుపుకొనక తృప్తి చెందని గోదావరి సీమలో, గోంగూర పచ్చడియు పులుసులును ప్రతిదినము వడ్డింపబడు ఇండ్లలో, రాత్రి ప్రొద్దుపోయి భుజించి వెంటనే పండుకొను అలవాటున్నచోట, ఈ మంట గర్భిణులకు మరింత హెచ్చుట సహజము. పచ్చడిని పూర్తిగా మానుమని చెప్పుట వినువారికి కష్టము. రాత్రిపూట మానుమనియు, ఒక్కసారి కడుపునిండ తినుటకు మారుగా కొంచెము కొంచెముగా ఐదారు మార్లు తినుమనియు, భోజనమునకును శయనమునకును నడుమ రెండు మూడు గంటలు ఎడముంచుమనియు, తలవైపు ఎత్తుగా ఉంచుకొనుమనియు చెప్పుట చాలును. ఐదవ నెలలో కడుపు చలువకని పుట్టినింటివారు పెట్టు చలిమిడిని సంతోషముగా తినవచ్చును; ఒక్కపూటలో పళ్ళెమంతయు తినిపింపనక్కరలేదు.

మలబద్ధకమును గూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది; ఏలయన దానివెనుక దాగిన నష్టము కడుపునొప్పికంటె పెద్దది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో గర్భిణులలో సగముమందికి పైగా రక్తహీనులు. అందుచే నాలుగవ నెల మొదలు 180 దినములకు తక్కువ కాకుండ, దినమునకొక ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకొనవలెనని ప్రభుత్వమువారు నియమించి, ఉచితముగా పంచుచున్నారు. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమునకును ఈ గోదావరి డెల్టాకును ఒక బంధుత్వము కలదు: 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వములోని లెడర్లే ఔషధసంస్థ పరిశోధకులే 1940ల నడుమ దానిని ప్రయోగశాలలో సంశ్లేషించి వైద్యలోకమునకు అందించిరి. అట్టి మాత్రను నేడు ఆ డెల్టాలోనే ఎందరో కోడండ్రు నాలుగు దినములు వేసుకొని, మలము నల్లబడుట చూచి భయపడి, కడుపు బిగిసి నొప్పి పుట్టుటచే విసిగి, వంటింటి డబ్బాలో దాచివేయుచున్నారు. ఆశా కార్యకర్త వచ్చి అడిగినచో "వేసుకుంటున్నానండీ" అని చెప్పి ఊరకుందురు. మలము నల్లబడుట ఆ మాత్రలోని ఇనుమువలననే గాని వ్యాధివలన కాదు. మాత్రను నిమ్మరసముతో తీసుకొని, కాఫీ టీలకును కాల్షియము మాత్రకును దూరముగా ఉంచి, నీరు విరివిగా త్రాగి, తోటకూర, బచ్చలికూర, చిక్కుడు, జామపండు వంటివి హెచ్చుగా తినినచో బాధ చాలవరకు తగ్గును. తగ్గనియెడల మాత్ర మానుటకు మారుగా వైద్యురాలితో చెప్పి మార్పించుకొనవలెను. మన ఇండ్లలో విరేచనమునకై ఆముదము త్రాగించు ఆచారమొకటి కలదు; గర్భిణి విషయమున అది సర్వథా కూడదు. ప్రేవులను కలచివేయు ఆముదము గర్భాశయమును కూడ సంకోచింపజేసి, నెలలు నిండకమునుపే నొప్పులు రప్పింపవచ్చును.

మూడవది దొంగనొప్పులు. గర్భాశయము అప్పుడప్పుడు తనంత తాను గట్టిపడి మరల సడలుచుండునని 1872లో బ్రాక్స్‌టన్ హిక్స్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను; మన పెద్దలకు అంతకుముందే అది అనుభవైకవేద్యము. ఈ నొప్పులు క్రమము లేక వచ్చును. ఎడము తగ్గదు, బలము హెచ్చదు. నీరు త్రాగినను, మూత్రవిసర్జనము చేసినను, ఎడమప్రక్కకు తిరిగి పండుకొనినను సమసిపోవును. నిజమైన కానుపు నొప్పులు అట్లుగాక, నడుమునుండి ముందునకు చుట్టుకొనివచ్చుచు, కొంత సేపటికొకమారుగా ఆరంభించి, ఎడము తగ్గుచు, బలము పెరుగుచు, పండుకొనినను నడచినను ఆగక పోవును. రక్తపు చారతో జిగురు పడుటయో, ఉమ్మనీరు పోవుటయో వానికి తోడగును. ఈ భేదమును ఊహతో తేల్చరాదు. ఒక చేయి కడుపుపై ఉంచి, గోడగడియారమును చూచుచు, గట్టిపడినది ఎప్పుడు, సడలినది ఎప్పుడు అని ఒక కాగితముపై వ్రాసికొనినచో గంటసేపటిలో ఆ కాగితమే నిజము చెప్పును. ముప్పదియేడు వారములు నిండకమునుపు గంటలో నాలుగైదు మార్లకు మించి కడుపు గట్టిపడుచున్నచో, నొప్పి తక్కువైనను అది నెలతక్కువ కానుపునకు నాంది కావచ్చును. అట్టి స్థితిలో ఆసుపత్రికి సకాలమున చేరిన తల్లికి బిడ్డ ఊపిరితిత్తులు బలపడుటకై ఇంజెక్షన్లు ఇచ్చు అవకాశముండును. జాగు చేసినచో ఆ అవకాశము చేజారును.

ఈ సీమలో ప్రత్యేకముగా గమనింపదగిన మరియొక కారణము మూత్రకోశపు ఇన్ఫెక్షన్. నాట్లవేళ ప్రొద్దున చేలోనికి దిగిన స్త్రీకి మరుగుచోటు దొరకదు. అందుచే నీరు త్రాగుటయే తగ్గించును, వచ్చిన మూత్రమును ఆపుకొనును. గర్భాశయపు ఒత్తిడిచే మూత్రము నిలువయుండు గర్భిణి విషయమున ఈ అలవాటు సూక్ష్మజీవులకు ఆశ్రయమగును. పొత్తికడుపులో నొప్పి, మూత్రము మంటగా, మాటిమాటికి వచ్చుట దీని లక్షణములు. డొక్కలో నొప్పి, చలి, జ్వరము, వాంతులు తోడైనచో వ్యాధి మూత్రపిండములకు ఎక్కినదని గ్రహించి ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఏ లక్షణమును లేకయే ఇది దాగియుండుట కలదు గనుక, ఆరోగ్యకేంద్రములో మూత్రపరీక్షకు సీసా ఇచ్చినప్పుడు "నాకేం లేదుగా" అని తప్పించుకొనరాదు. ఉపేక్షించిన ఇన్ఫెక్షన్ నెలతక్కువ కానుపునకు దారితీయును.

ఇప్పుడు ఓర్వరాని నొప్పులను గూర్చి చెప్పుదును. తొలి నెలలలో వచ్చువానిలో మిక్కిలి భయంకరమైనది, గర్భము గర్భాశయములో గాక అండవాహికలో నిలుచుట. నూరు గర్భములలో ఒకటి రెండు ఇట్టివి. నెల తప్పిన పిమ్మట రెండు వారములనుండి నాలుగైదు వారములలోపుగా, పొత్తికడుపున ఒకవైపు నొప్పి, కొద్దిపాటి రక్తస్రావము ఆరంభమగును. నాళము చిట్లినచో కడుపులోపలనే రక్తము ప్రవహించి, కండ్లు తిరుగుట, చెమటలు పట్టుట, మూర్ఛ, విచిత్రముగా భుజాగ్రమున నొప్పి కలుగును. 1883లో ఇంగ్లాండులో లాసన్ టెయిట్ అను శస్త్రవైద్యుడు చిట్లిన నాళమును తొలగించి ఒక స్త్రీని బ్రతికించువరకు ఈ స్థితి ప్రాయికముగా మరణమునకే పర్యాయము. నేడు తొలిదశలో కనిపెట్టినచో మందులతోనే చికిత్స చేయుట కూడ సాధ్యము. మందులషాపులో కొన్న పరీక్షపట్టీపై రెండు గీతలు కనబడినంతమాత్రమున గర్భము తగినచోటనే ఉన్నదని అర్థము కాదు. అది స్కానింగు మాత్రమే తేల్చగలదు.

తొలి నెలలలో పొత్తికడుపున మెలిపెట్టు నొప్పితో రక్తస్రావము కనబడుట గర్భస్రావమునకు సూచన కావచ్చును. తెలియవచ్చిన గర్భములలో నూటికి పది పదునైదు ఇట్లు పోవుచుండును. వానిలో అధికభాగము పిండములోని క్రోమోజోముల లోపమువలన జరుగునవి. గుడి మెట్లెక్కినదనియో, నీళ్ళబిందె ఎత్తినదనియో, బొప్పాయి ముక్క తిన్నదనియో ఆమెను నిందించుట శాస్త్రవిరుద్ధము మాత్రమే కాదు, దుఃఖించుచున్న మనసుపై మోపు క్రౌర్యము. ఆమెకు కావలసినది చికిత్సయు, ఆదరణయు.

తరువాతి నెలలలో రెండు అపాయములు ముఖ్యములు. మొదటిది, కానుపునకు ముందే మాయ గర్భాశయపు గోడనుండి విడిపోవుట. రక్తపుపోటు హెచ్చుగా ఉన్నవారికిని, కడుపునకు దెబ్బ తగిలినవారికిని ఇది సంభవించుట ఎక్కువ. కడుపు ఎడతెగక నొప్పించుచు, నొక్కినను లొంగనంత గట్టిపడి, సడలకుండుట దీని గుర్తు. రక్తము కొన్ని సమయములందు బయటకు కనబడక లోపలనే నిలుచును గనుక రక్తము లేదని ధైర్యపడరాదు. ఇందుకు విరుద్ధముగా, మాయ గర్భాశయద్వారమును కప్పియున్నప్పుడు నొప్పి ఏమాత్రము లేకయే రక్తము పోవును; నొప్పి లేదుగదా అని ఊరక కూర్చుండరాదు.

రెండవది రక్తపుపోటు వ్యాధి. ఇరువదవ వారము దాటిన పిదప రక్తపుపోటు 140/90కి చేరి, మూత్రములో ప్రోటీను పోవుచు, మొగము, చేతులు వాచి, తీవ్రమైన తలనొప్పి, కండ్లు మసకబారుట కలుగు ఈ వ్యాధియే ముదిరి, మన పల్లెలలో గుర్రపువాతమని భయముతో చెప్పుకొను మూర్ఛలుగా పరిణమించును. దీని లక్షణములలో ఒకటి అందరును పొరబడునట్టిది: కుడి ప్రక్కటెముకల క్రింద, లేదా రొమ్ముగుంట దగ్గర నొప్పి. కాలేయము వాచుటచే వచ్చు ఆ నొప్పిని గ్యాసనియు, తిన్నది పడలేదనియు భావించి, వాము నమిలించి, సోడా త్రాగించి, ఒక రాత్రి గడుపుదురు. ఆ ఒక్క రాత్రియే ప్రాణాంతకము కావచ్చును. కావున నెలలు పెరిగిన గర్భిణి "పై కడుపులో నొప్పి" అన్నప్పుడు మొట్టమొదట చేయవలసిన పని వామును వెదకుట కాదు, రక్తపుపోటు చూపించుట.

వీనికి తోడు ఇంకొక సత్యము. పైన చెప్పిన 2019–21 నాటి సర్వేనుబట్టియే ఆంధ్రప్రదేశములో నూరు కానుపులలో నలువదిరెండు శస్త్రచికిత్సతో జరిగినవి. మొదటి బిడ్డ ఆపరేషనుతో పుట్టిన తల్లి రెండవ గర్భమున పాత కుట్టుచోట నొప్పి యన్నచో, ముఖ్యముగా నెలలు నిండినప్పుడు, దానిని తేలికగా తీసికొనరాదు. అపెండిసైటిస్, పిత్తాశయపు రాళ్ళు, అండాశయపు గడ్డ మెలిపడుట వంటి వ్యాధులు సైతము గర్భమున్నదని రాక మానవు. పైగా గర్భాశయము ప్రేవులను పైకి నెట్టుటచే అపెండిసైటిస్ నొప్పి అలవాటైన చోటున గాక పైభాగమున తోచి వైద్యునే తికమకపెట్టవచ్చును.

ఇన్ని వ్యాధులను సామాన్యులు జ్ఞాపకముంచుకొనుట సాధ్యమా అని అడుగవచ్చును. అక్కరలేదు. నొప్పిని నాలుగు ప్రశ్నలడిగిన చాలును. విశ్రాంతి తీసుకొనినచో తగ్గుచున్నదా, లేక అరగంట గంట దాటినను నిలిచియున్నదా? క్రమముగా వచ్చిపోవుచున్నదా? తోడుగా రక్తము, నీరుపోవుట, జ్వరము, ఆగని వాంతులు, తలనొప్పి, చూపు మసక, కండ్లు తిరుగుటలలో ఏదైన కలదా? బిడ్డ కదలిక ఎప్పటివలెనే ఉన్నదా, తగ్గినదా? విశ్రాంతితో తగ్గి, క్రమముగా రాక, తోడేమియు లేక, బిడ్డ చక్కగా కదలుచున్నచో ఓర్వవచ్చును, తరువాతి పరీక్షలో చెప్పవచ్చును. తక్కిన ఏ సమాధానము వచ్చినను బయలుదేరవలసినదే. ఈలోగా మందులషాపులో నొప్పిమాత్ర కొని వేయరాదు. ఐబుప్రొఫెన్ వంటివి ముఖ్యముగా ఇరువదవ వారము దాటినపిదప బిడ్డ మూత్రపిండములకు కీడు చేయగలవు, పైగా నొప్పిని కప్పిపుచ్చి వ్యాధిని పెరుగనిచ్చును.

బయలుదేరుటకు దారులున్నవి. 2005లో మన రాష్ట్రమున ఆరంభమైన 108 వాహనము ఒక్క ఫోనుతో వచ్చును. 2016నుండి ప్రతి నెల తొమ్మిదవ తేదీన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు వైద్యులచే ఉచిత పరీక్ష జరుపు ఏర్పాటు కలదు. ద్రాక్షారామమువారికి ఆసుపత్రి గల రామచంద్రపురము చేరువనే యున్నది. 1958లో స్థాపితమైన రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వాసుపత్రి ఇంచుమించు గంట ప్రయాణము. ఏ నొప్పికి ఎచటికి పోవలెనో, రాత్రివేళ ఏ వాహనము దొరకునో, రక్తమిచ్చువారెవరో ఏడవ నెల రాకముందే ఇంటిలో తేల్చుకొని, మాతాశిశు సంరక్షణ కార్డును చేతికందుచోట ఉంచవలెను.

మన సమాజము గర్భిణిలో మెచ్చుకొను గుణము ఓర్పు. బాధను పైకి చెప్పని కోడలిని గుణవంతురాలందురు. పదేపదే చెప్పు కోడలిని సుకుమారి అందురు. కానుపు గదిలో ఆ ఓర్పునకు విలువ కలదు, నేను కాదనను. కాని కడుపునొప్పిని దాచిన గర్భిణి ఎవరికిని మేలు చేయుటలేదు. ఆమెచేత దాపించిన ఇల్లు తనకు తాను కీడు చేసికొనుచున్నది. పదిమార్లు గ్యాసునొప్పికే ఆసుపత్రికి పోయి తిరిగివచ్చినను నష్టము ఆటో కిరాయి మాత్రమే. కనుక అత్తగారైనను, తల్లియైనను, భర్తయైనను, ఆమె నోరు విప్పినవేళ నొప్పికి పేరు పెట్టుటకు తొందరపడక, ఎక్కడ, ఎప్పటినుండి, ఇంకేమి తోడున్నది అని మొదట అడుగవలెను; ఆమె చెప్పినదానిని నమ్మవలెను; సందేహము కలిగిన క్షణముననే బండి కట్టించవలెను.